కొండ మీద నేరం మోపకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆత్మకూరులో ఒక యువకుడు హఠాత్తుగా చనిపోయాడని పోయిన నెల మీ జిల్లా పేజీల్లో ఒక వార్త వచ్చింది. ఆ అబ్బాయి నా తమ్ముడి కొడుకు, నాకు మేనల్లుడు. పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు ఇంకోసారి పేపర్లో చూసే ఓపిక వాళ్లమ్మకు లేదు. ఇంట్లో అందరం చిన్నోడా అనే పిలిచేవాళ్లం కాబట్టి ఈ ఉత్తరంలోనూ చిన్నోడే.

వార్తతో పాటు ఉదయగిరి దుర్గం గోడ మీద వాడు నిలబడ్డ ఫొటో వేశారు. కొండల మీది మోజే ప్రాణం తీసిందన్న అర్థం వచ్చేట్టు హెడ్డింగు పెట్టారు. లోపల చూస్తే ట్రెక్కింగ్‌కు వెళ్లాడనీ, గుండెపోటు వచ్చిందనీ రెండు ముక్కలు. చదివినవాళ్లెవరికైనా వాడు కొండ మీదే కూలిపోయాడనిపిస్తుంది. జరిగింది అది కాదు. చిన్నోడు ఉదయగిరి కొండ ఎక్కింది ఆదివారం. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి ఇంట్లో ఉన్నాడు. సోమ, మంగళ, బుధవారాలు డ్యూటీ చేశాడు. బుధవారం రాత్రి మా ఇంట్లో కొరమేను పులుసుతో అన్నం తిని, పులుపు చాల్లేదత్తా అని వంక పెట్టి మరీ వెళ్లాడు. గురువారం పొద్దున పెరట్లో కుళాయి దగ్గర బ్రష్ నోట్లో పెట్టుకొని నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. వయసు 28.

కుళాయి దగ్గర పళ్లు తోముకోవడాన్ని సాహసం అనరు కదా.

ఆ వార్త రాసిన విలేకరి మీద నాకు కోపం లేదు. కుర్రాడై ఉంటాడు. ఫోన్ స్టేటస్‌లో దొరికిన ఫొటో చూసి, వీధిలో ఎవరో చెప్పింది విని రాసుంటాడు. కానీ అచ్చులో పడ్డ మాటకు ఊళ్లో ఎంత బలం ఉంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. పరామర్శకు వచ్చినవాళ్లలో సగం మంది పేపరు చూసే వచ్చారు. వచ్చి, కన్నతల్లి ముందే, కొండలంబడి తిరిగితే ఏదో ఒకటి తగలకుండా ఉంటుందా అన్నారు. పాడుబడ్డ కోటలో మిట్టమధ్యాహ్నం తిరిగాడు, గాలి సోకిందని ఒకామె. ఇంత ఉద్యోగం పెట్టుకొని ఆదివారం ఇంట్లో పడుకోకుండా ఏం తిప్పలు అని ఒకాయన. మా వీధిలో చిన్నోడి వెంట ఆదివారాలు పిట్టలు చూడటానికి వెళ్లే పిల్లలుండేవాళ్లు. ఇప్పుడు వాళ్లను చెరువు గట్టు దాకా కూడా పోనివ్వడం లేదు. నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్యమైన కారణం అదే. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. కారణం కానిదాన్ని కారణమంటే ఊరుకోవడం నాకు చేతకాదు.

ముందు వాడెలాంటివాడో చెప్పాలి.

చిన్నోడు గ్రామ సచివాలయంలో సర్వేయరు. సివిల్ డిప్లొమా చదివాడు. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడే ఉద్యోగం వచ్చింది. అంతకుముందు బెంగుళూరులో ఒక కంపెనీలో అవకాశం వస్తే, పొమ్మని వాళ్ల నాన్న పోరు పెట్టాడు. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి, ‘అక్కడ కిటికీలు తెరుచుకోవు నాన్నా’ అన్నాడు. ఇక ఆ సంగతి అంతే. సర్వే ఉద్యోగం వాడి కోసమే పెట్టినట్టుండేది. భూముల రీసర్వే మొదలయ్యాక రోవర్ అనే కొలతల పరికరం భుజాన వేసుకొని గట్ల వెంట తిరగడమే పని. ఎండకు కమిలిపోయి వచ్చేవాడు, మొహం మాత్రం వెలిగిపోతుండేది. గట్టు తగాదాలో అన్నదమ్ములు చొక్కాలు పట్టుకునే దాకా వస్తే, మధ్యలో ‘అన్నా, ఆ పాలపిట్ట చూడు’ అని మాట మళ్లించేవాడని వాళ్ల ఆఫీసువాళ్లు పెద్దకర్మ రోజున చెప్పారు. పాలపిట్ట నిజంగా ఉండేదో లేదో వాళ్లకూ అనుమానమే.

మొదటి జీతంతో అమ్మకు చీర తెస్తాడనుకున్నాం. బైనాక్యులర్ కొన్నాడు. చీర రెండో నెల వచ్చింది.

సాహసాలు చేసేవాడన్నట్టు రాశారు. వాడు ఎక్కడికి బయల్దేరినా ఎక్కడికి, ఏ దారిన, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తాడో వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాసిపెట్టి వెళ్లేవాడు. ఒక్కడే వెళ్లేవాడు కాదు. ఎండాకాలమైతే పదకొండు లోపల కొండ దిగిపోవాలన్నది వాడి నియమం. సంచిలో నీళ్లు, మజ్జిగ సీసా, రెండు నిమ్మకాయలు, ఉప్పు పొట్లం, ఒక ఖాళీ యూరియా బస్తా. ఆ బస్తా ఎందుకంటే దిగేటప్పుడు దారిలో కనిపించిన ప్లాస్టిక్ సీసాలన్నీ ఏరుకొచ్చేవాడు. ఉదయగిరి బస్టాండులో ఆ బస్తాతో వీణ్ని చూసి పాత సామాన్లవాడనుకొని ఒకాయన రేటు అడిగాడట. బేరమాడి అమ్మి, ఆ డబ్బుతో టీలు తాగొచ్చామని చెప్పుకొని నవ్వాడు.

ఉదయగిరి అంటే వాడికి ప్రాణం. 3,000 అడుగులు దాటిన కొండ, పైన కూలిన గోడలు, కోనేళ్లు, మసీదు, గుడుల శిథిలాలు. మన జిల్లాలోనే ఉన్నా మనలో ఎంతమంది ఎక్కి చూసుంటారు? గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేయాల్సొచ్చింది. 1514లో గానీ చేతికి రాలేదు. ‘రాయలకు ఏడాదిన్నర పట్టింది, నాకు రెండున్నర గంటలు’ అని చిన్నోడు గొప్పలు పోయేవాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపీకి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మా బంధువుల పెళ్లికని చెన్నై వెళ్లినప్పుడు వీడు ముహూర్తం వేళకు కనపడకుండా పోయాడు. భోజనాల దగ్గరికి తిరిగొచ్చి, మన ఊరి కిష్టయ్యను చూసొచ్చానత్తా అన్నాడు. పెళ్లికూతురి మేనమామ ఇప్పటికీ ఆ మాట ఎత్తి దెప్పుతుంటాడు. ఉదయగిరిలో కలివి, బిక్కి కర్రలతో చెక్కే గరిటెలు ఊరంతటికీ తెచ్చి పంచాడు. మా వంటింట్లోనే నాలుగున్నాయి.

కలివి అంటే గుర్తొచ్చింది. కలివికోడి అని ఒక పక్షి ఉంది. కంపపొదల అడవిలో రాత్రిళ్లు తిరుగుతుంది. తూర్పు కనుమల్లో ఈ చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1848 ప్రాంతంలో దాన్ని మొదట లోకానికి చెప్పింది థామస్ జెర్డన్. ఆయన మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన డాక్టరు. ఇక్కడి యానాదుల దగ్గర అడవి సంగతులు నేర్చుకున్నాడు. 1900 తర్వాత ఆ పక్షి ఎవరికీ కనపడక, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అంచున మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలు వెతుకుతుంటే, దాన్ని పట్టి తెచ్చి చూపించింది ఐతన్న అనే స్థానికుడు. ఈ కథ చిన్నోడు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. జెర్డన్ కంటే ఐతన్న పేరు గట్టిగా చెప్పేవాడు. పెంచలకోన పక్క అడవి అంచుల్లో, సీతారాంపురం వైపు వెలిగొండల కింద కంపపొదలు ఎక్కడ పలచగా ఉన్నాయి, ఎక్కడ నేల ఖాళీగా ఉంది అని నోటుబుక్కులో పటాలు గీసుకున్నాడు. సర్వేయరు కదా, ఆ పటాలకు కొలతలూ దిక్కులూ కూడా ఉన్నాయి. రాత్రిపూట అడవిలోకి వెళ్లాలంటే అనుమతి ఉండాలి. అనుమతి లేకుండా ఒక్క రాత్రి కూడా వెళ్లలేదు. కలివికోడిని చూడనూ లేదు.

పిల్లల సంగతి. ఆదివారం తెల్లారకముందే మా వీధి పిల్లలు నిద్రకళ్లతో వీడి ఇంటి ముందు నిలబడేవాళ్లు. మా చెరువు గట్టు మీద నీటికాకులు, నామాలకోళ్లు, లకుముకి పిట్టలు, తుమ్మకు వేలాడే గిజిగాడి గూళ్లు. చలికాలంలో ఒకసారి పిల్లల్ని తల్లిదండ్రుల సంతకాలతో సహా నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాడు. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెట్టడం చూసొచ్చి, మా ఎదురింటి పిల్ల వారం పాటు అన్నం ముద్ద నోట్లో వాళ్లమ్మే పెట్టాలని పేచీ పెట్టింది.

ఇంకొకటి చెప్పి తీరాలి. తీతువు కూస్తే ఇంట్లో చావు కబురు వింటామని మనవైపు ఒక నమ్మకం. ఒక ఎండాకాలం చెరువు పక్క బీడులో తీతువు పిట్ట నెత్తి మీద చక్కర్లు కొడుతూ అరుస్తుంటే పిల్లలు భయపడి వెనక్కి మళ్లారట. వీడు వాళ్లను కూర్చోబెట్టి, కాస్త దూరాన గులకరాళ్ల మధ్య దాని గుడ్లు చూపించాడు. రాళ్లకూ గుడ్లకూ తేడా కనిపెట్టలేనంతగా కలిసిపోయి ఉంటాయి. మనం ఎక్కడ తొక్కుతామోనని అది అట్లా అరుస్తుందని చెప్పి, గుడ్లు ముట్టుకోకుండా అందర్నీ పక్క దారిన తీసుకొచ్చాడు. ఆ పిల్లల్లో ఒకడు మొన్న నా దగ్గరికొచ్చి, ‘టీచర్, అన్నను కొండ చంపిందంట కదా’ అని అడిగాడు. తీతువు సంగతి అర్థమైన పిల్లవాడికి పెద్దవాళ్లం మళ్లీ ఇంకో తీతువును తగిలించాం.

ఇప్పుడు అసలు కారణం.

ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదన్నారు. పోస్టుమార్టం వద్దని మా పెద్దలు పట్టుబట్టారు, పోయినవాణ్ని కోసి ఏం తెలుసుకుంటారని. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. కారణం తెలియకుండా నేను ఈ ఇంట్లో ఉండలేను, చేయించండి అంది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆ రోజు ఆ ఇంట్లో బుర్ర పనిచేసింది ఆమెకొక్కదానికే.

రిపోర్టులో తేలింది ఇది. గుండె కింది రెండు గదుల మధ్య ఉండే కండరం గోడ చాలా మందంగా ఉంది. మామూలుగా అది ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది. 15 మిల్లీమీటర్లకు చేరితే డాక్టర్లు జబ్బు కిందే చూస్తారు. దీన్ని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. రక్తనాళాల్లో కొవ్వు పేరుకుని మూసుకుపోయే మామూలు గుండెపోటు వేరు, ఇది వేరు. ఇందులో కండరం పోగులే అడ్డదిడ్డంగా పెరుగుతాయి. దాంతో గుండెను కొట్టించే విద్యుత్ సంకేతం ఎప్పుడో ఒకప్పుడు దారి తప్పుతుంది. ఒక ఫేజు పోయిన మోటారు మూలుగుతుంది గానీ నీళ్లు పోయదు చూడండి, గుండె కూడా అప్పుడు వణుకుతుంది గానీ రక్తం తోయదు. నిమిషాల్లో మనిషి దక్కడు. ఆటలాడే యువకులు హఠాత్తుగా పోయినప్పుడు డాక్టర్లు ముందుగా అనుమానించే జబ్బుల్లో ఇదొకటి. నిద్రలోనూ రావచ్చు, కూర్చున్నప్పుడూ రావచ్చు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని లెక్క. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

ఇది వంశపారంపర్యం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. బఠానీ మొక్కల లెక్కలు బోర్డు మీద వేసి ఎన్నో బ్యాచ్‌లకు చెప్పాను, మా ఇంటి లెక్క ఇలా వేసుకోవాల్సి వస్తుందని ఎవరనుకుంటారు. మా నాన్న నలభై దాటగానే కళ్లంలో వడ్లు తూర్పార పడుతూ పడిపోయాడు. చేతబడి అన్నారు. పక్క పొలం వాళ్లతో మాకు చాలా ఏళ్లు మాటల్లేవు. మా చిన్నాన్న కొడుకు గూడూరులో 33 ఏళ్లకు నిద్రలో పోయాడు. రాత్రి బిర్యానీ తిన్నాడు, గ్యాస్ పట్టేసిందన్నారు. ఇప్పుడు చిన్నోడు. ఒకే రక్తంలో మూడు చావులకు మూడు కారణాలు చెప్పారు: చేతబడి, గ్యాస్, కొండ.

హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న ఒక పరిశోధన 2009లో వెలువడింది. గుండె కండరంలో ఉండే ఒక ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు తప్పిపోయిన మార్పు మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో ఉందనీ, అది గుండె కండరాల జబ్బులతో ముడిపడి ఉందనీ అందులో తేలింది. మార్పు ఉన్నవాళ్లందరికీ జబ్బు వస్తుందని కాదు. ఈ బాధ మా ఒక్క ఇంటిది కాదని చెప్పడానికి రాస్తున్నాను.

రిపోర్టు వచ్చాక అందరం పరీక్షలు చేయించుకున్నాం. ఈసీజీ, తర్వాత ఎకో. ఎకో అంటే గుండెకు చేసే స్కానింగ్, సూది కూడా గుచ్చరు. నాకేమీ లేదన్నారు. తమ్ముడికి గోడ మందంగా ఉంది, ఇన్నాళ్లూ ఒక్క లక్షణం లేదు. చిన్నోడి చెల్లెలికీ ఉంది. ఆ పిల్లకు ఇప్పుడు మాత్రలు మొదలుపెట్టారు. గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న పరికరం అమర్చాలా వద్దా అన్నది ఇంకొన్ని పరీక్షల తర్వాత చెబుతామన్నారు.

మా బంధువుల్లో పెద్దామె ఒకరు నన్ను పక్కకు పిలిచి, ఈ పరీక్షల సంగతి బయట పెట్టొద్దమ్మా, పిల్లకు సంబంధాలు రావు అని హితవు చెప్పింది. మన ఇళ్లలో ఇలాంటి జబ్బులు బయటికి రాకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించదు. డబ్బు కాదు, దూరం కాదు, సంబంధాలు. ఈ ఉత్తరం మొదట ఆ పిల్లకే చదివి వినిపించాను. రాయత్తా, నన్ను చేసుకునేవాడికి ఇది తెలియాల్సిందే కదా అంది. అన్న పోయిన నెల రోజులకు ఆ మాట అనగలిగింది.

కొండ ఎక్కడం వల్ల ఏ ప్రమాదమూ లేదని నేను వాదించడం లేదు. ఈ జబ్బు ఉందని ముందే తెలిసుంటే, ఎంత శ్రమ పడొచ్చు, ఎంత పడకూడదు అని డాక్టరు కూర్చోబెట్టి చెప్పేవాడు. నిట్టనిలువు దారులు మానమనేవాడేమో. వాడు వినేవాడా అంటే, కొంత వినేవాడు, కొంత బేరమాడేవాడు. దుర్గం మానేసి చెరువు గట్టుకు ఒప్పుకునేవాడని నా నమ్మకం. పిట్టలు అక్కడా ఉంటాయి. కానీ జబ్బు సంగతి తెలియకపోవడానికీ కొండకూ సంబంధం లేదు. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేసినా ఆ గోడ అంతే మందంగా ఉండేది. మా ఎమ్మెల్యేగా, మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 2022 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి పోయినప్పుడూ మా ఊళ్లో ఇలాగే మాట్లాడుకున్నారు, జిమ్‌కు పోయేవాళ్లకే ఇట్లా అవుతుందని. దాంతో కొందరు పొద్దున నడక కూడా మానేశారు. మానేసినవాళ్లకు బీపీ, షుగర్ పెరిగితే ఆ సంగతి ఎవరూ వార్త రాయరు.

ఇక ఆ పొద్దున ఏం జరిగిందో కూడా రాయాలి, ఎందుకంటే అది రేపు ఎవరింట్లోనైనా జరగొచ్చు. పడిపోగానే ఫిట్స్ అనుకున్నారు. చేతిలో తాళాలు పెట్టారు. మొహం మీద నీళ్లు కొట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు. అరికాళ్లు రుద్దారు. అందరూ వాణ్ని బతికించాలనే చేశారు, ఎవర్నీ తప్పు పట్టను. 108కి ఫోన్ చేశారు, అది రోడ్డు మీద రావాల్సిన బండి, రావడానికి పట్టే టైం పట్టింది. ఆ లోపల చేయాల్సిన పని ఒకటే. పలకరిస్తే పలకకుండా, సరిగా ఊపిరి తీయకుండా ఉంటే గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఆనించి, మోచేతులు వంచకుండా ఐదారు సెంటీమీటర్లు దిగేట్టు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు, అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఏమీ చేయకుండా గడిచిన ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 పాళ్లు తగ్గిపోతుంది. అందుకని డాక్టరు కోసం ఎదురుచూడటం కాదు, అక్కడున్నవాళ్లే మొదలుపెట్టాలి. దీన్ని సీపీఆర్ అంటారు, నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

మా రోజుల్లో స్కూల్లో ప్రథమ చికిత్స అంటే గాయానికి కట్టు కట్టడం దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడైనా హైస్కూల్లో ప్రతి పిల్లవాడి చేతా బొమ్మ మీద ఇది నొక్కించి చూపించాలి. సచివాలయాల్లో, బస్సు డిపోల్లో, పోలీసు స్టేషన్లలో పనిచేసేవాళ్లకు నేర్పాలి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ అనే పెట్టె ఉంటుంది, ఏం చేయాలో నోటితో చెబుతుంది, చదువు పెద్దగా లేనివాళ్లూ వాడొచ్చు. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు, పెంచలకోన బ్రహ్మోత్సవాలకు జనం కిటకిటలాడతారు. అలాంటి చోట్ల మజ్జిగ పందిళ్ల పక్కన ఈ పెట్టెలు, వాడటం తెలిసిన నలుగురు మనుషులు ఉండేలా జిల్లా అధికారులు చూడాలి. ఇది కోరడానికి నేనెవరినని అడగొచ్చు. వంశంలో ముగ్గుర్ని పోగొట్టుకున్నదాన్ని.

ఉత్తరం పెద్దదైంది. చోటు లేకపోతే కోట కథ, పెళ్లి కథ కత్తిరించుకోండి, జబ్బు సంగతీ సీపీఆర్ సంగతీ ఉంచండి. మీ ఆరోగ్యం పేజీలో గుండె డాక్టరు చేత ఒక చిన్న బాక్సు రాయించినా మేలే. పరుగెత్తేటప్పుడో మెట్లెక్కేటప్పుడో కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, కారణం లేకుండా గుండె దడ, కుటుంబంలో 50 ఏళ్ల లోపు ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయి ఉండటం, ఈ నాలుగు ముక్కలు పెద్ద అక్షరాల్లో వేస్తే చాలు.

మా వీధి తల్లిదండ్రులకు కూడా ఈ పేపరు ద్వారానే చెబుతున్నాను, ఇంటింటికీ తిరిగి చెప్పే మోకాళ్లు నాకు లేవు. వచ్చే ఆదివారం నుంచి పిల్లల్ని చెరువు గట్టు మీదికి మళ్లీ తీసుకెళ్తున్నాం. మా హైస్కూల్లో ఇప్పుడు జీవశాస్త్రం చెబుతున్న మాస్టారు, చిన్నోడి చెల్లెలు, నేను. నేను గట్టు మొదట్లో కుర్చీ వేసుకొని కూర్చుంటాను. బైనాక్యులర్ ఉంది, పక్షుల పుస్తకం ఉంది. తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరి ఎనిమిదికల్లా ఇళ్లకు చేరుస్తాం. మీలో ఎవరైనా తోడు వస్తానంటే సంతోషం. మీ ఇంట్లో తాతో, బాబాయో, మేనమామో చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే మాత్రం నాకు ముందు చెప్పండి. ఆ పిల్లల్ని ఆపను. ముందు నెల్లూరు తీసుకెళ్లి ఈసీజీ, ఎకో తీయించుకొద్దాం, ఆ తర్వాతి ఆదివారం వస్తారు.

ఇట్లు,
ఒక మేనత్త,
రిటైర్డ్ టీచరు,
ఆత్మకూరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా